కుర్చీ ఎక్కని న్యాలాడ

తోన్యాంగ్ జిల్లా చరిత్ర రాయదలచినవారు దాన్ని మూడు యుగాలుగా విడగొట్టక తప్పదు. మొదటిది పశువుల యుగం. రెండోది తుపాకుల యుగం. మూడోది, ఇప్పుడు నడుస్తున్నది, ప్లాస్టిక్ కుర్చీల యుగం. మొదటి రెండింటి మీదా పాటలున్నాయి. మూడోదాని మీద రిపోర్టులున్నాయి.

ఈ మూడో యుగపు ధర్మశాస్త్రంలో సందిగ్ధాలేమీ లేవు. సభ అంటే ముందు కుర్చీలొస్తాయి, తర్వాత మనుషులొస్తారు, ఆఖర్న విషయం వస్తుంది. ఒక్కోసారి అది రాదు కూడా. చేతులున్న నీలం కుర్చీలు అధికారులకీ, విమానం దిగొచ్చినవాళ్లకీ. చేతుల్లేని తెల్లకుర్చీలు వంశపెద్దలకీ, పాస్టర్లకీ, బడిపంతుళ్లకీ. చాపలు మిగిలిన మగవాళ్లకి. నేల, దాని విస్తీర్ణం అపారం కనుక, ఆడవాళ్లకి. జిల్లాని ఏలే కమిషనర్ దువోప్ గారికి మాత్రం ప్రత్యేకం: రాజధాని జుబా నుంచి పడవ మీద పదహారు రోజులు ప్రయాణం చేసి వచ్చిన గోధుమరంగు మెత్తకుర్చీ. దాని నాలుగు కాళ్లకీ నాలుగు ఇత్తడి చక్రాలు. నైలు ఒడ్డు బాడవనేలలో చక్రాల మీద ఏదీ కదలదు. అయినా చక్రాలుండటమే హోదా.

అలాంటి యుగంలో పదకొండేళ్లుగా ఒక మనిషి కుర్చీ ఎక్కడం లేదు.

ఆవిడ పేరు న్యాలాడ. పశువులే ఆస్తిగా బతికే నువేర్ తెగ ఆడపడుచు, పువోక్ కూతురు. నిలబడితే చాలామంది మగవాళ్ల నెత్తి మీది సంగతులు కనిపించేంత పొడుగు. వయసు నలభై నాలుగని పాస్‌పోర్టు అంటుంది. వరదొచ్చిన ఏడు పుట్టిందని వాళ్లమ్మ అనేది. ఏ వరదో అమ్మ చెప్పలేదు. ఆవిడ ఉద్యోగం మానవతా సహాయ సలహాదారు. అంటే ఇది: ఉత్తరాన ఎక్కడో ఒక చలిదేశం ఉంది. పాపం మంచి దేశమే. అది దక్షిణ సూడాన్‌లో ఆకలిగా ఉన్నవాళ్లకి జొన్నలూ నూనే పంపుతుంది. అవి ఎక్కడ దించాలో, ఎవరికోసం పంపినవి ఎవరు తింటున్నారో న్యాలాడ తిరిగి, చూసి, సలహా చెబుతుంది. సలహా చెప్పాలని ఆవిడ నియామకపత్రంలో ఉంది. వినాలని ఎవరి నియామకపత్రంలోనూ లేదు.

ఎక్కడికెళ్లినా తన పీట తాను తెచ్చుకుంటుంది. ఒకే మొద్దులోంచి చెక్కిన పీట, జానెడెత్తు, అడుగు బల్లపరుపు. జ్వరం మాత్రలకీ దోమతెరకీ మధ్య సంచీలో కుక్కుకుని చిన్న విమానం ఎక్కుతుంది. సామాను తూచేవాడు ప్రతిసారీ అడుగుతాడు, "ఏంటక్కా ఇది, వంటకట్టెలా?" అని. "నా ఆఫీసు," అంటుంది.

సభలో నీలం కుర్చీ చూపిస్తే చేయి గుండెల మీద పెట్టుకుని దణ్ణం పెడుతుంది, ఆడవాళ్ల దగ్గరికెళ్లి పీట వేసుకుంటుంది. ఈ విషయం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. చలిదేశం నుంచి మూడు నెలలకి వచ్చిన ఒక శిక్షణార్థి, ఇది అధికారాన్ని నేలకి దించే ప్రతీక అని నాలుగు పేజీల వ్యాసం రాసి తన దేశంలో మార్కులు తెచ్చుకున్నాడు. కమిషనర్ దువోప్ గారి సిద్ధాంతం, ఇది కుర్చీల్లో కూర్చున్న మగవాళ్లని సిగ్గుపరచడానికి పన్నిన పన్నాగమని. మూడో సిద్ధాంతం పాకుర్ గ్రామంలో ఉండే ఆవిడ పెద్దమ్మ న్యాకుమాది.

"ఏమే పొడుగుపిల్లా, అంత చదువు చదివావు, ఆ చలిదేశపోళ్లు నీకో కుర్చీ కూడా కొనిపెట్టలేదటే?"

న్యాలాడ ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల సిద్ధాంతాలు బలిశాయి.

ఆవిడ జీవితంలో మిగతాదంతా ఈ దేశంలో అందరి జీవితం లాంటిదే కనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తొమ్మిదో ఏట ఊరు తగలబడింది. నడిచి ఇథియోపియా సరిహద్దు శిబిరానికి పోయారు. ఆ దారిలోనే, తోన్యాంగ్ వాగు పక్క ఒక పెద్ద నీటిమడుగులో, పెద్దమ్మ న్యాకుమాతో కలిసి మెడలోతు నీళ్లలో నిలబడి కలువగింజలు కోసి, దంచుకు తిని బతికింది. తర్వాత శిబిరాల్లో పదిహేనేళ్లు రేషన్ వరసలో నిలబడింది. వరసలో నిలబడి ఇంగ్లీషు నేర్చుకుంది. నేర్చుకున్నాక వరసకి అవతలి వైపు నిలబడి పేర్లు రాసింది. పేర్లు రాసేవాళ్లకి దుబాసీ అయింది. దుబాసీగా ఉంటూ, అడిగే ప్రశ్నలు తప్పని గ్రహించింది. "ఎన్ని రోజులుగా తిండి లేదు?" అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? న్యాలాడ అలా అడగదు. గుడిసెలోకి వెళ్లి కుండ అడుగు గోకి చూస్తుంది. "ఈ పొద్దున ముందు ఎవరు తిన్నారు?" అంటుంది. కుటుంబంలో ముందు తినేది పిల్లలు కాకుండా పోయిన రోజు ఏదో కనుక్కుంటే, మిగతా లెక్క అదే తెలుస్తుందంటుంది.

ఈ పద్ధతి మీద నమ్మకంతోనే చలిదేశం ఆవిడని సలహాదారుగా పెట్టుకుంది. ఆ తర్వాత ఆ నమ్మకాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయింది.

ఇక అసలు సంగతి. ఆ ఏడు జూన్ మొదట్లో కమిషనర్ దువోప్ గారి నుంచి జుబాలోని చలిదేశం ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. ఇకపై విమానాల్లోంచి జొన్నలు పాకుర్‌లో దించరాదు. భద్రతా కారణాల రీత్యా వాగుకి ఇవతల, సైనికుల బారకాసుల పక్కన ఉన్న శాంతి మైదానంలో దించాలి. కాదంటే ఆ సీజన్‌కి విమానాలకి అనుమతి ఇవ్వడం తన చేతుల్లో ఉండకపోవచ్చు.

శాంతి మైదానం అన్న పేరు కమిషనర్ గారు ఆ ఉత్తరంలోనే పెట్టారు. అంతకుముందు దానికి పేరు లేదు. పాకుర్ నుంచి అక్కడికి రావాలంటే వాగు మీది మొద్దుల వంతెన దాటాలి. వంతెన చివర గేటు ఉంది. గేటు దగ్గర సైనికులున్నారు. రెండేళ్ల కిందట ఒక నెలపాటు జొన్నలు అటే దించారు. ఆ నెలలో గేటు దాటిన ప్రతి బస్తా నుంచీ ఒక డబ్బా జొన్నలు కొలిచి తీసుకున్నారు. బారకాసులకి నీళ్లు తోడమని ఇద్దరు ఆడపిల్లల్ని ఆపారు. వాళ్లు మూడో రోజు ఇంటికొచ్చారు. ఏం జరిగిందని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియక కాదు.

గేటు గురించి న్యాలాడ పదకొండు రిపోర్టులు రాసింది. పదకొండింటికీ 'ఆందోళనతో గమనించాం' అని జవాబు వచ్చింది. ఆ దేశంలో ఆందోళన నిల్వలు బాగా ఉన్నట్టున్నాయి.

జుబా ఆఫీసుకి చలిదేశం నుంచి కొత్తగా వచ్చిన పెద్ద అధికారి పేరు హెన్నింగ్. భారీ మనిషి, మంచివాడు, లెక్కలేనన్ని జేబులున్న చొక్కా తొడిగేవాడు; ఏ జేబులో ఏముందో ఆయనకి నాలుగు నెలలైనా పట్టుబడలేదు. న్యాలాడని పిలిచి సమ్మతిపత్రం ముందు పెట్టాడు. స్థలం మార్పుకి సలహాదారు సంతకం కావాలి.

"పెట్టను," అంది న్యాలాడ.

"పూర్తిగా చదవండి ముందు."

"చదివాను. అందుకే పెట్టను."

హెన్నింగ్ కలం వెతుక్కుంటూ మూడు జేబులు తడిమాడు. "చూడండి, మీ కోపం నాకర్థమవుతుంది. కాని ఆయన అనుమతి లేకపోతే విమానం లేదు. విమానం లేకపోతే ఆరువేల ఇళ్లకి అసలేమీ లేదు. ఏమీ లేనిదానికన్నా సగం నయం కదా?"

"సగం ఎవరికి?"

"అంటే?"

"డబ్బా జొన్నలు ఇచ్చుకోగలిగినవాళ్లు గేటు దాటతారు. ఇచ్చుకోలేనివాళ్లు ఏమిస్తారు, హెన్నింగ్? వాళ్లకి ఉన్నది కూతుళ్లు. మీరు చెప్పే సగం అది."

ఆయన కిటికీ వైపు చూశాడు. మంచివాళ్లు ఇరుకున పడితే కిటికీ వైపు చూస్తారు.

"గేటు గురించి పైన మాట్లాడుతున్నారు. నెమ్మదిగా..."

"సరే, గేటు వదిలేయండి. ఆ స్థలం నేల కూడా కాదు. మడుగు. వానలు ముదిరితే మెడలోతు. చిన్నప్పుడు నేనందులో కలువలు కోశాను."

హెన్నింగ్ ఊపిరి పీల్చుకుని, ఆనందంగా, ఆకాశం నుంచి తీసిన బొమ్మ ఒకటి బల్ల మీద పరిచాడు. "చూడండి, పొడినేల. చదును. ఒక్క చుక్క నీళ్లు లేవు."

"ఏ నెల బొమ్మ?"

ఆయన మూల చూశాడు. "ఫిబ్రవరి."

"ఫిబ్రవరిలో నైలు కూడా సన్నబడుతుంది."

"న్యాలాడా, మీరు పెట్టకపోతే నేనే పెట్టాల్సొస్తుంది. గురువారం తోన్యాంగ్‌లో సభ. ప్రజల అభిప్రాయం విని తేలుద్దాం."

అక్కడి ప్రజల అభిప్రాయం కమిషనర్ గారి ఎదుట కూర్చోబెట్టి అడిగితే ఎలా ఉంటుందో న్యాలాడకి తెలుసు.

"సభ ఎక్కడ?"

"కమిషనర్ ఆఫీసు వరండాలో."

"వద్దు. శాంతి మైదానంలోనే పెట్టమనండి. మంచి స్థలమంటున్నారు కదా, చూద్దాం. ఇంకొకటి. తొమ్మిది వంశాల పెద్దలూ మాట్లాడాలి. మా పద్ధతి ప్రకారం."

హెన్నింగ్ మొహం విప్పారింది. సలహాదారు దారిలోకి వచ్చిందనుకున్నాడు. "తప్పకుండా! ప్రజల భాగస్వామ్యం!" అని రాసుకున్నాడు. 'మా పద్ధతి' అంటే ఏమిటని అడగలేదు.

బుధవారం తోన్యాంగ్‌లో వాన పడింది. మొదటి వాన. పెద్దదేం కాదు, వచ్చి పలకరించిపోయింది. అక్కడి నల్లనేల ఎండలో ఇటుకలా ఉంటుంది, పిడికెడు నీళ్లు తగిలితే పైన పెచ్చు గట్టిగానే ఉండి, కింద వెన్నవుతుంది. ఈ సంగతి తోన్యాంగ్‌లో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. కమిషనర్ గారికీ తెలుసు. కాని ఆయన మైదానం నిండా ఎండుగడ్డి పరిపించారు; దాని మీద కుర్చీలు వేయించారు; కళ్లకి కనిపించనిది అధికారికంగా లేనట్టే అని ఆయన నమ్మకం. అదొక్కటే ఆయన చేసిన పొరపాటు, అదీ అధికారంలో ఉన్నవాళ్లు అందరూ చేసేదే.

విమానం దిగగానే కమిషనర్ దువోప్ గారు స్వయంగా ఎదురొచ్చారు. నల్లకళ్లద్దాలు, చేతిలో ఏనుగుతోక కర్ర.

"రండి, రండి! ఏం చెల్లెమ్మా, ఇంకా ఆ మొద్దు మోస్తూనే ఉన్నావా? ఈసారి నీకోసం ప్రత్యేకంగా చేతులున్న కుర్చీ వేయించాను. వెనకనించి ఎవరూ నవ్వరు, నా పూచీ."

"మీరే ఉంచుకోండి కమిషనర్ గారూ. చేతులతో మీకు పనిపడుతుంది."

"నాకా? నా కుర్చీకి చేతులున్నాయిగా."

"గట్టిగానే ఉన్నాయా?"

ఆయన నవ్వేశారు. ఆయనకి న్యాలాడ అంటే ఇష్టమే. ఎదురు చెప్పేవాళ్లు జిల్లాలో తక్కువ కనుక మనిషికి విసుగ్గా ఉండేది.

సభ మొదలైంది. ముందు వరసలో మెత్తకుర్చీలో కమిషనర్, పక్కన నీలం కుర్చీలో హెన్నింగ్. వెనక తెల్లకుర్చీల్లో తొమ్మిదిమంది పెద్దలు. అటువైపు, గడ్డి అందని చోట, వందల మంది ఆడవాళ్లు నేల మీద. వాళ్ల ముందు పీట మీద న్యాలాడ. పాస్టర్ ప్రార్థన చేశాడు. కమిషనర్ గారు లేచి, సమయాభావం వల్ల ఇద్దరు పెద్దలే మాట్లాడతారని ప్రకటించారు.

ఆడవాళ్లలోంచి ఒక గొంతు లేచింది. పెద్దమ్మ న్యాకుమాది. ఆ గొంతుకి వాగు అవతలి ఆవులు కూడా తలతిప్పుతాయి.

"అదేం మాట బాబూ! తొమ్మిది వంశాల ఎద్దుల్ని పిలవకుండా ఇద్దరితో సరిపెడతావా? మిగతా ఏడుగురూ గొడ్లు లేనివాళ్లా? మీ నాన్న సభలో అందరి ఎద్దులూ పలికేవి. నీకు ఎద్దు లేదేంటి?"

నువేర్ మగాణ్ణి ఏమైనా అనొచ్చు. పిరికివాడనొచ్చు, దొంగనొచ్చు. ఎద్దు లేదని మాత్రం అనకూడదు. ప్రతి మగాడూ తన ఎద్దు పేరుతోనే బతుకుతాడు. పెద్ద సభలో నోరు తెరిస్తే ముందు ఆ ఎద్దు పేరూ, రంగూ, కొమ్ముల వంపూ, దాన్ని ఎవరిచ్చారు, దాని తల్లి ఎవరింట పుట్టింది, అన్నీ చెప్పాకే విషయానికి వస్తాడు. మధ్యలో అడ్డుపడితే ఆ వంశానికంతటికీ అవమానం. పెద్దాయన నిలబడి మాట్లాడుతుండగా ముందు వరసలో ఉన్నవాడు లేస్తే అంతకన్నా అవమానం. ఇది కమిషనర్ గారికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అందరూ మాట్లాడతారు," అన్నారాయన, మెత్తకుర్చీలో వెనక్కి వాలుతూ. ఆ వాలడం ఆయన చేయకుండా ఉండాల్సింది.

మొదటి పెద్దాయన ఎద్దు తెల్లది, నల్లమచ్చలది. అరగంట పట్టింది. రెండో ఆయన ఎద్దు బూడిదరంగు. దాని కొమ్ముల్లో ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ఉండటానికి కారణాలు రెండు తరాల వెనకనించి మొదలయ్యాయి. మూడో ఆయన దగ్గర హెన్నింగ్‌కి ఎదురుగా ఉన్న బారకాసు గోడ ఎత్తు పెరిగినట్టనిపించింది. ఎండ వల్లనుకుని నీళ్లు తాగాడు. నాలుగో ఆయన ముగించేసరికి మోకాళ్లు కొంచెం పైకొచ్చాయి. ఆయన జాగ్రత్తగా కిందికి చూశాడు. గడ్డి కనిపించింది. కుర్చీకాళ్లు సగమే కనిపించాయి.

పక్కకి చూశాడు. ఇత్తడి చక్రాలు లేవు. నేలలో కలిసిపోయాయి. కమిషనర్ గారు నల్లకళ్లద్దాల వెనక నిశ్చలంగా, ఎటో కుడివైపుకి కొంచెం ఒరిగి, దేశాధ్యక్షుల ఫోటోల్లో లాగా కూర్చుని ఉన్నారు. ఆ నిశ్చలత్వం గౌరవం కోసం కాదని హెన్నింగ్‌కి అప్పుడు అర్థమైంది. కదిలితే ఇంకా దిగుతోంది.

ఏడో వంశానికి పెద్ద బిదోంగ్. తొంభైకి దగ్గర. కళ్లు మసక. ఆయన ఎద్దు చనిపోయి ముప్ఫై ఏళ్లు దాటింది. కాని ఆయన దృష్టిలో అది ఈ పూటే మేతకెళ్లింది. ఆ ఎద్దు ఎర్రదనం గురించి, దాని గంట చప్పుడు గురించి, అది వరదలో ఈది మూడు కుటుంబాల్ని ఒడ్డుకి చేర్చిన సంగతి గురించి చెబుతూ చెబుతూ, కర్ర ఎత్తి కాళ్లకింది నేల చూపించాడు.

"ఇక్కడే! ఇదిగో, ఈ మడుగులోనే మునిగి పోయింది నా ఎర్రోడు. నాలుగు నిలువుల లోతు! ఇక్కడ మనం కూర్చునున్నామేంటని అప్పట్నించీ ఆలోచిస్తున్నా."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఎద్దు పోయిన కథకి నవ్వకూడదు. కాని చేపలు పట్టేవాళ్లలా అందరూ ఒకేసారి నేల వైపు చూశారు.

తొమ్మిదో ఆయన కూర్చున్నాక, కమిషనర్ గారు లేచి ముగించాలి. అంతకుముందే న్యాలాడ లేచింది. లేవడానికి ఆవిడకి ఏ ఇబ్బందీ కలగలేదు. పీట ఎక్కడ వేసిందో అక్కడే ఉంది. ఆ పొడుగు నిలబడితే గాలి ఆగినట్టుంటుంది.

హెన్నింగ్ తల అడ్డంగా ఊపాడు. గేటు మాట ఎత్తవద్దని విమానంలో రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆవిడ "విన్నాను" అంది.

"నాకు ఎద్దు లేదు," అంది న్యాలాడ. "అందుకని త్వరగా ముగిస్తాను. నేల సంగతి మీ అందరికీ కనిపిస్తోంది. విమానంలోంచి పడే బస్తా మనిషికన్నా బరువు. కూర్చున్న మనిషి దిగిన చోట బస్తా ఎంత దిగుతుందో చిన్నపిల్లకి తెలుసు. కాని నేను సంతకం పెట్టనిది నేల వల్ల కాదు. నేల ఎండినా పెట్టను. నేలకన్నా ముందు ఒక గేటుంది."

"చెల్లెమ్మా!" అన్నారు కమిషనర్ గారు. గొంతులో నవ్వు లేదు. "నువ్వు సలహాదారువి. గేటు సైన్యం విషయం. ఇంకొక్క మాటంటే మూడు రోజుల్లో నిన్ను జిల్లా దాటిస్తా."

"దాటించండి. నేను తొమ్మిదేళ్లప్పుడే ఒకసారి దాటాను, దారి తెలుసు. దాటేలోగా ఒకటి అడిగి పోతాను." ఆవిడ ఆడవాళ్ల వైపు తిరిగింది. "పిన్నులూ, అక్కలూ. మీరేం చెప్పక్కర్లేదు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు. రెండేళ్ల కిందట ఆ గేటు దగ్గర ఏమీ ఇవ్వకుండా ఇంటికెళ్లినవాళ్లు ఉంటే, వాళ్లు లేచి నిలబడండి. చాలు."

బారకాసు గోడ మీద ముగ్గురు సైనికులు చూస్తున్నారు. నిలబడి నిజం చెప్పడానికి ధైర్యం కావాలి. కూర్చుని ఉండటానికి పెద్దగా అక్కర్లేదు. అది వాళ్లు ఎప్పుడూ చేసేదే.

ఎవరూ లేవలేదు.

వందలమంది. చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకున్నవాళ్లు, కర్రలు పక్కన పెట్టుకున్న ముసలివాళ్లు. మూడో రోజు ఇంటికొచ్చిన ఆ ఇద్దరూ కూడా అక్కడే ఉన్నారు, ఒకరి పక్కన ఒకరు, నేలకేసి చూస్తూ. ఒక్కరు కదల్లేదు. తెల్లకుర్చీల్లో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతవరకూ అది ఆడవాళ్ల విషయమనుకున్నారు వాళ్లు, లేదా అనుకున్నట్టు ఉన్నారు.

మొత్తం ఆ మైదానంలో లేవాలని ప్రయత్నించింది ఒక్క మనిషి. కమిషనర్ దువోప్ గారు. "ఇది..." అంటూ కుర్చీ రెండు చేతుల మీదా బలంగా అదిమారు. కుర్చీ ఎడమ చెయ్యి విరిగి ఆయన చేతిలోకొచ్చింది. కుడి చెయ్యి కుర్చీతోపాటు ఇంకో బెత్తెడు దిగింది. ఏనుగుతోక కర్ర గడ్డిలో పడింది. ఆయన అలాగే, ఒక చేత్తో కుర్చీచెయ్యి పట్టుకుని, ఒరిగి కూర్చుండిపోయారు.

అప్పుడు పెద్దమ్మ న్యాకుమా, ఎంతో మర్యాదగా, బాలింతని పలకరించినట్టు అడిగింది:

"బాబూ, నీతో పాటు మా జొన్నలు కూడా ఇలాగే కూర్చోవాలా?"

ముందు నవ్వింది గోడ మీది సైనికుడొకడు. ఆ తర్వాత ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. బిదోంగ్ తాత ఏమైంది, ఏమైంది అని అడుగుతుంటే ఎవరో చెవిలో చెప్పారు; ఆయన "మా ఎర్రోడు కూడా ఇలాగే," అని కళ్లు తుడుచుకున్నాడు.

హెన్నింగ్‌ని ఇద్దరు పట్టుకుని లేపారు. కమిషనర్ గారిని నలుగురు. మెత్తకుర్చీని ఎవరూ లేపలేదు.

వెళ్లిపోయేముందు కమిషనర్ గారు న్యాలాడ ముందు ఆగారు. విరిగిన కుర్చీచెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"నువ్వు కావాలనే చేశావు."

"వాన నేను కురిపించలేదు, కమిషనర్ గారూ."

"మూడు రోజులన్నానుగా."

"ఉత్తరం రాయండి. ఎందుకు పంపిస్తున్నారో కారణం రాయాల్సొస్తుంది. జుబాలో అందరూ చదువుతారు."

ఆయన ఆలోచించారు. కుర్చీచెయ్యి చంకలో పెట్టుకుని వెళ్లారు. ఉత్తరం రాలేదు.

రెండు వారాలకి చలిదేశం నుంచి నిర్ణయం వచ్చింది. జొన్నలు పాకుర్‌లోనే దించుతారు. కమిషనర్ గారు కూడా ఒప్పుకుని విమానాలకి అనుమతి ఇచ్చారు. ఒప్పుకోవడానికి ఆయనకేం నామోషీ కలగలేదు, ఎందుకంటే నిర్ణయపత్రంలో గేటు లేదు, డబ్బాలు లేవు, ఆడపిల్లలు లేరు, లేవకుండా కూర్చున్న వందలమంది లేరు. కారణం అన్న గడిలో ఒకే వాక్యం ఉంది: 'ప్రతిపాదిత స్థలంలో నేల మెత్తన.'

ఆ కాగితం చదివి న్యాలాడ పన్నెండో రిపోర్టు రాసింది. అందులోనూ ఒకే వాక్యం రాసింది: 'నేల మెత్తన, గేటు గట్టిది, ఇంకా అక్కడే ఉంది.' కింద సంతకం పెట్టింది. ఆ నెలలో ఆవిడ పెట్టిన సంతకం అదొక్కటే. ఆందోళనతో గమనించామని జవాబు వచ్చింది. దాని వెనకవైపు పదమూడోదానికి చిత్తుప్రతి మొదలుపెట్టింది.

జూలైలో మొదటి విమానం పాకుర్ మీదుగా వెళ్లింది. బస్తాలు గట్టినేల మీద పడ్డాయి. సాయంత్రానికి ఊళ్లో కుండలు పొయ్యెక్కాయి. న్యాలాడ పది గుడిసెలు తిరిగి కుండ అడుగులు గోకి చూసి, "ముందు ఎవరు తిన్నారు?" అని అడిగింది. తొమ్మిది ఇళ్లలో పిల్లలు తిన్నారు. పదో ఇంట్లో పెద్దమ్మ న్యాకుమా తినేసి కూర్చుంది. "ఇన్నేళ్లూ అందరికీ వడ్డించాను, ఒక్క పూట నాకు నేను ముందు పెట్టుకోకూడదా?" అని దబాయించింది.

తిరుగు విమానం కోసం ఎదురుచూస్తూ హెన్నింగ్, న్యాలాడ మట్టిరన్‌వే పక్కన కూర్చున్నారు. ఆయన తన సంచీ మీద, ఆవిడ పీట మీద. ఆయన చాలాసేపు ఆ పీట వైపు చూశాడు. నాలుగు పేజీల వ్యాసం తనూ చదివానన్నాడు. ఇప్పుడు తనకి పూర్తిగా అర్థమైందన్నాడు. ఈ నేల సంగతి, కుర్చీల సంగతి, అధికారం సంగతి, అన్నీ తెలిసే పదకొండేళ్లుగా ఆవిడ ఈ పీట మోస్తోందన్నమాట.

"లేదండీ," అంది న్యాలాడ. "నా మొదటి సభలో కుర్చీలు ఒకటి తక్కువొచ్చాయి."